సైనికాసుపత్రిలో నాడీవైద్యుని నైపుణ్యమును ఎట్లా అంచనా వేయాలి?



"సైనికాసుపత్రిలో నరాల డాక్టరు ఇట్లా చెప్పినాడు. ఆయన మాట నమ్మవచ్చునా? లేక హైదరాబాదులో పెద్ద ప్రైవేటు ఆసుపత్రికి పోవలెనా?" ఉద్యోగ విరమణ తరువాత నేను నందికొండలో ఉంటున్న ఈ కాలములో నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్నలలో ఇది ఒకటి. అడిగేవారు ఎక్కువగా మాజీ సైనికులు, వారి భార్యలు, వారి తల్లిదండ్రులు. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిన తరువాత ఎక్కడెక్కడి వారో ఈ కొండల మధ్యకు వచ్చి స్థిరపడినారు. హిల్ కాలనీలోనూ, పైలాన్ కాలనీలోనూ, చుట్టుపక్కల తండాలలోనూ, పల్లెలలోనూ సైన్యములో పనిచేసి వచ్చినవారు ఉన్నారు. 2003 ఏప్రిల్‌లో మాజీ సైనికుల ఆరోగ్య పథకము మొదలైన తరువాత వారికి సైనికాసుపత్రులతో పాటు, ఆ పథకములో చేరిన ప్రైవేటు ఆసుపత్రులలో కూడా వైద్యము లభిస్తున్నది. రెండు దారులు కనిపించినప్పుడు ఏది మంచిదన్న సందేహము సహజమే.

ఈ ప్రశ్నకు "అవును" అనో "కాదు" అనో జవాబు చెప్పుట తేలిక. కాని అది బాధ్యతగల జవాబు కాదు. వైద్యుని నైపుణ్యమును దేనితో కొలుస్తారో, అందులో సామాన్యులు గమనించగలిగినది ఏదో మీకు తెలిస్తే, ఆ జవాబును మీరే వెతుక్కొనగలరు. అందుకే ఈ వ్యాసము.

భుజము మీది నక్షత్రములు దేనిని చెప్పుతాయి?

సైనికాసుపత్రిలో వైద్యుని చూడగానే మన కన్ను ఆయన భుజము మీదికి పోతుంది. మేజరా, కల్నలా, బ్రిగేడియరా అని చూస్తాము. ఆ హోదా ఆయన ఎన్ని సంవత్సరములు సేవ చేసినాడో, పాలనలో ఎంత బాధ్యత మోస్తున్నాడో చెప్పుతుంది. మీ మోకాలి మీద సుత్తితో కొట్టినప్పుడు కాలు ఎందుకు అంతగా ఎగిరినదో ఆయనకు తెలుసునా లేదా అన్నది చెప్పదు.

నాడీవైద్యుడగుటకు దారి సైన్యములోనైనా బయటనైనా ఒక్కటే. ఎం.బి.బి.ఎస్. తరువాత సాధారణ వైద్యములో ఎం.డి. చేసి, ఆ పిమ్మట నాడీవైద్యములో మూడు సంవత్సరములు డి.ఎం. చదవాలి. సైనిక వైద్యులు కూడా పెద్ద బోధనాసుపత్రులలోనే ఈ శిక్షణ పొందుతారు. సైన్యము తన నిపుణులను గ్రేడెడ్ స్పెషలిస్టు, క్లాసిఫైడ్ స్పెషలిస్టు, సీనియర్ అడ్వైజరు అని వర్గీకరిస్తుంది. ఇది హోదాకు వేరైన మెట్ల వరుస. వైద్యుని గురించి తెలుసుకోదలచినవారు నక్షత్రములను లెక్కించుట కన్న, ఆయన డి.ఎం. నాడీవైద్యములో చేసినాడా, లేక సాధారణ వైద్యుడై నాడీరోగులను చూస్తున్నాడా అని మర్యాదగా అడుగుట మేలు. ఇందులో తప్పు పట్టవలసినది ఏమీ లేదు. నాడీవైద్య నిపుణులు ప్రతి సైనికాసుపత్రిలోనూ ఉండరు. వారు ఎక్కువగా కమాండ్ ఆసుపత్రులలోనూ, ఢిల్లీలోని సైనిక పరిశోధనాసుపత్రిలోనూ ఉంటారు. చిన్న ఆసుపత్రిలోని సాధారణ వైద్యుడు "ఇది నా పరిధి కాదు, పెద్ద ఆసుపత్రికి పంపుతాను" అన్నాడంటే, అది ఆయన అసమర్థతకు గుర్తు కాదు. తన హద్దు తెలిసిన వైద్యుడు మంచి వైద్యుడు.

యుద్ధభూమిలో పుట్టిన విద్య

సైనికాసుపత్రి అనగానే కొందరికి చిన్నచూపు ఉన్నది. "జ్వరానికి, దెబ్బలకు సరే, నరాల జబ్బులకు వారికేమి తెలుసు?" అంటారు. చరిత్ర దీనికి వ్యతిరేకముగా ఉన్నది. నాడీవైద్యములో మనము ఇప్పటికీ వాడే పరీక్షలు అనేకము సైనికాసుపత్రులలోనే రూపుదిద్దుకొన్నాయి.

అమెరికా అంతర్యుద్ధ కాలములో ఫిలడెల్ఫియాలోని ఒక సైనికాసుపత్రిలో సైలస్ వేయర్ మిచెల్ తూటా దెబ్బలకు నరములు తెగిన సైనికులను పరీక్షించి, గాయము మానిన తరువాత కూడా మంటలాగా బాధించే నరపు నొప్పిని వర్ణించాడు. మొదటి ప్రపంచ యుద్ధములో గోర్డన్ హోమ్స్ తల వెనుక భాగమున తూటాలు తగిలిన సైనికుల చూపును కొలిచి, మెదడులో ఏ భాగము చూపులో ఏ భాగమును నడుపుతుందో చాలా వరకు గుర్తించాడు. 1915లో ఫ్రెంచి వైద్యుడు జూల్స్ టినెల్, తెగిన నరము మీద వేలితో తట్టినప్పుడు కలిగే జిలను బట్టి ఆ నరము తిరిగి పెరుగుతున్నదో లేదో తెలుసుకొనే పద్ధతిని చెప్పాడు. అదే సంవత్సరము జర్మనీలో హాఫ్‌మన్ కూడా ఈ సంగతినే గుర్తించాడు.

1916లో ఫ్రెంచి సైన్యములోని గియాన్, బారే, స్ట్రోల్ అనే ముగ్గురు వైద్యులు ఇద్దరు సైనికులలో కాళ్లు చేతులు చచ్చుబడుటను వర్ణించారు. సుత్తి తగిలినప్పుడు రావలసిన ప్రతిక్రియలు లేవు. వెన్ను నీటిలో మాంసకృత్తులు పెరిగినాయి కాని కణములు పెరగలేదు. ఇద్దరూ కోలుకున్నారు. అప్పుడు సీటీ స్కాను లేదు, ఎమ్మారై లేదు. సుత్తి, సూది, పరీక్షనాళిక, ఓపిక ఉన్నాయి. నూరు సంవత్సరములు దాటినా ఆ వ్యాధిని మనము గియాన్-బారే వ్యాధి అనే పిలుస్తున్నాము.

కండరముల బలమును 0 నుంచి 5 వరకు అంకెలలో రాసే పద్ధతి కూడా యుద్ధములోనిదే. రెండవ ప్రపంచ యుద్ధ కాలములో బ్రిటనులోని వైద్య పరిశోధన మండలి దీనిని ప్రచారములోకి తెచ్చింది. కండరము అసలే కదలకపోతే 0. సన్నగా అదిరితే 1. బరువు మోయనవసరము లేనట్లు పక్కకు పడుకోబెట్టినప్పుడు మాత్రమే కదిలితే 2. భూమ్యాకర్షణకు ఎదురుగా లేపగలిగితే 3. వైద్యుడు అడ్డుపెట్టినా కొంత ఆనగలిగితే 4. మామూలు బలము ఉంటే 5. నల్లగొండ జిల్లా ఆసుపత్రి కేసు షీటులోనూ, సైనికాసుపత్రి కేసు షీటులోనూ ఈ అంకెలే కనిపిస్తాయి.

మన నేల మీద చూసినా, 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన రొనాల్డ్ రాస్ సైనిక వైద్యుడే. నాడీవైద్యుడు కాకపోయినా, చూడవలసిన చోట చూసినవాడు. 1937లో అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలలో ఎముకలు గట్టిపడి, వెన్ను బిగుసుకుపోయిన మనుషులను పరీక్షించి, దానికి కారణము తాగే నీటిలోని ఫ్లోరైడు అని ప్రకటించిన బృందమునకు ముందు నిలిచిన షార్ట్ కూడా ఇండియన్ మెడికల్ సర్వీసుకు చెందిన సైనికాధికారియే. ఆ ఫ్లోరైడు కథ మన నల్లగొండకు ఎంత దగ్గరదో మీకు చెప్పనక్కర లేదు.

మన నేల పెట్టే పరీక్ష

నాడీవైద్యుని నైపుణ్యము అంటే ఏమిటో చెప్పుటకు నాకు తెలిసిన ఒక రోగి వృత్తాంతము చెప్పుతాను. ఆయన సైన్యములో హవల్దారుగా పనిచేసి, పదవీ విరమణ చేసి, సొంత ఊరికి వచ్చి వ్యవసాయము చేసుకుంటున్నాడు. వయస్సు 55 దాటినది. సంవత్సరకాలముగా నడుము నొప్పి, కాళ్లు బిగుసుకొనుట, నడకలో తూలుట. ఆయన మాటలలోనే చెప్పవలెనంటే, "సారూ, కాళ్లు కట్టెల్లెక్క అయితున్నయ్. గట్టు మీద నడుస్తుంటే పాదం లేస్తలేదు."

ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నడుముకు ఎమ్మారై తీశారు. నడుము కింది భాగములో రెండు డిస్కులు పక్కకు జరిగినట్లు కనిపించాయి. వెంటనే శస్త్రచికిత్స చేయాలన్నారు. పథకములో అనుమతి వచ్చేదాకా ఆగలేమని, డబ్బు చూసుకొమ్మన్నారు. ఆ కుటుంబము ఎకరము భూమి అమ్ముటకు సిద్ధపడినది. ఆయన భార్య మాత్రము పట్టుబట్టి, "పింఛను ఇచ్చే దవాఖానలో ఒక్కసారి చూపిద్దాం" అన్నది. ఆ విధముగా వారు సైనికాసుపత్రిలోని నాడీవైద్యుని వద్దకు వెళ్లారు.

ఆ వైద్యుడు ఉత్తరాదివాడు. తెలుగు రాదు. హవల్దారుకు హిందీ వచ్చును గనుక ఇబ్బంది లేకపోయింది. ఎమ్మారై కవరు విప్పకముందే ఆయన రోగిని వరండాలో నడిపించాడు. బూట్లు, సాక్సులు విప్పించాడు. మోకాలి మీద సుత్తితో కొట్టగానే కాలు ఎగిరి పడింది. అరికాలును తాళపు చెవితో గీయగా బొటనవేలు పైకి లేచింది. చేతులు చూస్తే అరచేతి కండలు కరిగి ఉన్నాయి. మెడ ఇటు అటు తిరుగుట లేదు. అప్పుడు ఆయన అడిగిన ప్రశ్న: "మీ ఊరిలో ఏ నీళ్లు తాగి పెరిగారు?"

ఈ ఒక్క ప్రశ్న వెనుక ఉన్న తర్కమును మీరు గమనించండి. మన వెన్నుపాము నడుము మొదటి వెన్నుపూస దగ్గర ముగుస్తుంది. దాని కింద ఉన్నవి నరపు వేళ్లు మాత్రమే. నడుము అడుగున డిస్కు నొక్కితే నొక్కుడుపడేవి ఆ వేళ్లు. అప్పుడు ప్రతిక్రియలు తగ్గుతాయి. కాలు ఎగరదు, బొటనవేలు పైకి లేవదు. కాలు ఎగిరిపడుతున్నదంటే, దెబ్బ అంతకన్న పైన, వెన్నుపాములోనే ఉన్నది. చేతుల కండలు కరిగినవంటే అది మెడ దగ్గరిది. నడుము ఎమ్మారైలో కనిపించిన డిస్కులు అబద్ధము కావు. ఆ వయస్సులో చాలామందికి అవి ఉంటాయి. కాని ఆ రోగి జబ్బుకు కారణము అవి కావు.

మెడకు ఎమ్మారై, ముంజేతికి మామూలు ఎక్సరే తీయించారు. ముంజేతిలోని రెండు ఎముకల మధ్య పొరలో సున్నము పేరుకున్నది. ఫ్లోరోసిస్‌లో కనిపించే గుర్తు ఇది. మెడలో వెన్నుపూసలు, బంధకములు గట్టిపడి, వెన్నుపాము ఉన్న గొట్టము ఇరుకైనది. ఈ వ్యాధి వెన్నుపామును ఎట్లా నొక్కుతుందో హైదరాబాదు నాడీశస్త్రవైద్యులు డాక్టర్ డి. రాజారెడ్డి గారు దశాబ్దముల క్రితమే విపులముగా రాశారు. ప్రపంచమంతటి నాడీవైద్యులు ఆ రచనలను చదివి నేర్చుకున్నారు. ఉత్తరాది నుంచి వచ్చిన ఆ యువ సైనిక వైద్యునికి ఆ సంగతి తెలుసు. అది ఆయన చదువు. రోగి ఏ నేల నుంచి వచ్చినాడో అడగాలని తోచుట ఆయన నైపుణ్యము.

తరువాత ఆయనకు మెడ వద్ద వెన్నుపాము మీది ఒత్తిడిని తగ్గించే శస్త్రచికిత్స జరిగినది. పూర్తిగా నయము కాలేదు. ఎంతో కాలము నొక్కుడుపడిన వెన్నుపాము మొత్తము కోలుకొనదు. కాని బిగువు తగ్గి, కర్ర సాయముతో పొలము గట్టు దాకా నడుస్తున్నాడు. నడుముకు శస్త్రచికిత్స చేసి ఉంటే ఎకరము పోయేది, కాళ్లు కూడా పోయేవి.

వైద్యులను వైద్యులు ఎట్లా పరీక్షిస్తారు?

వైద్యవిద్యలో నైపుణ్యమును కొలుచుట ఒక శాస్త్రముగా పెరిగినది. అమెరికా విద్యావేత్త జార్జి మిల్లర్ 1990లో దీనిని నాలుగు మెట్లుగా చెప్పాడు. విషయము తెలిసి ఉండుట మొదటి మెట్టు. దానిని ఎట్లా వాడాలో తెలియుట రెండవది. పరీక్షకుల ముందు చేసి చూపుట మూడవది. ఎవరూ చూడని రోజున, రద్దీగా ఉన్న ఓపీలో, నిజమైన రోగికి నిజముగా చేయుట నాలుగవది.

రాతపరీక్ష మొదటి రెండు మెట్లనే కొలుస్తుంది. మూడవ మెట్టు కోసము డండీ నగరములో హార్డెన్ 1975లో కొత్త పరీక్షాపద్ధతిని ప్రవేశపెట్టాడు. అందులో అభ్యర్థులు వరుసగా కొన్ని బల్లల వద్దకు పోతారు. ఒక్కొక్క చోట ఒక్కొక్క పని చేసి చూపాలి. అందరికీ అవే పనులు, అవే మార్కుల పట్టికలు. నాలుగవ మెట్టును కొలుచుట అన్నిటికన్న కష్టము. అందుకోసము పెద్ద వైద్యుడు పక్కన నిలబడి, చిన్న వైద్యుడు నిజమైన రోగిని పరీక్షించుటను పలుమార్లు, పలు రోగులతో గమనిస్తాడు. ఒక్క రోగిని చూసి వైద్యుని తూచరాదు. మూర్ఛలో దిట్ట అయినవాడు కండరముల జబ్బులో తడబడవచ్చును.

ఫలితములను చూసి కొలవరాదా అని మీరు అడుగవచ్చును. కొలవవచ్చును, కాని జాగ్రత్తగా. సైనికాసుపత్రి వార్డులో 25 సంవత్సరముల జవాన్లు ఎక్కువగా ఉంటారు. జిల్లా ఆసుపత్రి వార్డులో 70 సంవత్సరములు దాటి, మధుమేహము, రక్తపోటు ముదిరి, పక్షవాతము వచ్చిన రెండు రోజులకు ఆటోలో వచ్చినవారు ఉంటారు. మొదటిచోట ఎక్కువమంది బతికినారని అక్కడి వైద్యుడు మేలైనవాడు అనలేము. కష్టమైన రోగులందరినీ పంపే పెద్ద ఆసుపత్రిలో మరణములు ఎక్కువగా ఉండుట కూడా అసమర్థతకు రుజువు కాదు. ఎటువంటి రోగులు వచ్చినారో చూడకుండా ఫలితములను పోల్చుట తప్పు తూకము.

సైనిక నాడీవైద్యునికి ఉన్న ప్రత్యేకమైన కష్టము

సాధారణ వైద్యునికి యజమాని రోగి ఒక్కడే. సైనిక వైద్యునికి ఇద్దరు. ఒకరు ఎదుట కూర్చున్న రోగి. ఇంకొకరు ఆ రోగిని కొండ మీది కాపలాకు పంపవచ్చునా లేదా తెలుసుకోగోరే సైన్యము. సైనికుల ఆరోగ్యమును మానసిక స్థితి, వినికిడి, కాళ్లు చేతులు, శారీరక శక్తి, కంటిచూపు అని అయిదు పాళ్లుగా చూసి అంకెలు వేస్తారు. ఆంగ్ల అక్షరములను కలిపి దానిని 'షేప్' అంటారు. ఆ అంకె పెరిగితే పదోన్నతి ఆగవచ్చును, కొలువు పోవచ్చును.

అందువలన కొందరు రోగులు జబ్బును దాచుతారు. ఫిట్సు వచ్చినదని చెపితే ఉద్యోగము పోతుందని భయపడతారు. మరి కొందరు లేనిదానిని ఉన్నట్లు చూపుతారు. ఈ రెంటి మధ్య నిజమును వెతుకుట సైనిక నాడీవైద్యునికి నిత్యకృత్యము. అయితే ఇక్కడే తొందరపాటుకు అవకాశము ఉన్నది. స్కానులో ఏమీ లేదు గనుక నటిస్తున్నాడు అనుట నైపుణ్యము కాదు. మనసు కారణముగా కాలు చచ్చుబడినప్పుడు కూడా దానిని నిర్ధారించుటకు పరీక్షలు ఉన్నాయి. బలహీనమైన కాలును కిందికి నొక్కమంటే నొక్కలేనివాడు, రెండవ కాలును పైకి లేపమన్నప్పుడు మాత్రము మొదటి కాలిని తెలియకుండానే కిందికి నొక్కుతాడు. మంచి వైద్యుడు ఆ గుర్తును చూసి, రోగికి కూడా చూపి, "నీ నరములు బాగున్నాయి, వాటిని మెదడు నడిపించే తీరు తప్పినది, ఇది నయమవుతుంది" అని గౌరవముగా చెప్పుతాడు. అటువంటి రోగి నటించుట లేదు. ఆయనకు అది నిజమైన బాధ.

వైద్యుడు కేసు షీటులో రాసిన మాటకు ఎంత బరువు ఉంటుందో తెలియాలంటే ధరమ్‌వీర్ సింగ్ కేసులో 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూడాలి. ఆ సైనికుడు మూర్ఛవ్యాధి కారణముగా 1994లో కొలువు కోల్పోయినాడు. జబ్బు సైనిక సేవ వలన వచ్చినది కాదని వైద్య మండలి చెప్పినందువలన ఆయనకు వైకల్య పింఛను దక్కలేదు. సైన్యములో చేరినప్పుడు ఆయనకు ఆ జబ్బు ఉన్నట్లు ఎక్కడా నమోదు కాలేదు. వైద్య మండలి తన అభిప్రాయమునకు కారణములు రాయలేదు. కారణములు లేని అభిప్రాయము చెల్లదని, పింఛను ఇవ్వవలెనని న్యాయస్థానము తీర్పు చెప్పినది. నాడీవైద్యుని నైపుణ్యములో రోగనిర్ధారణ సగము మాత్రమే. తాను ఆ నిర్ధారణకు ఎట్లా వచ్చినాడో రాయుట మిగిలిన సగము.

సైనిక వైద్యులు తరచు బదిలీ అవుతారు. మూడు నెలల తరువాత మీరు మళ్లీ పోతే వేరొకరు ఉండవచ్చును. కాబట్టి రాత బాగుంటేనే వైద్యము కొనసాగుతుంది.

మీరు గమనించగలిగినవి

ఇక మీకు పనికివచ్చే భాగము. వైద్యవిద్య చదవనివారు కూడా ఈ కొద్ది విషయములను గమనించగలరు.

మొదటిది, ఆయన వినుట. నాడీరోగములలో సగమునకు పైగా రోగి చెప్పే కథలోనే తెలుస్తాయి. బలహీనత ఒక్క నిమిషములో వచ్చినదా, రోజులలో వచ్చినదా, సంవత్సరములలో వచ్చినదా అని అడుగుతాడు. ఒక్క నిమిషములో వచ్చినది రక్తనాళమునకు సంబంధించినది కావచ్చును. నెలల తరబడి పెరిగినది ఒత్తిడి వలన కావచ్చును. స్పృహ తప్పినవాని విషయములో ఆ సమయమున పక్కన ఉన్నవారిని పిలిపించి అడుగుతాడు. ఫోనులో వీడియో ఉంటే చూస్తాడు. స్పృహ తప్పినవానికి తనకేమి జరిగినదో తెలియదు కదా!

రెండవది, బట్టలు, బూట్లు తీయించి పరీక్షించుట. నడిపించి చూడని నాడీవైద్యుడు, అరికాలు చూడని నాడీవైద్యుడు పని పూర్తి చేయలేదు. గియాన్-బారే వంటి వ్యాధి అనుమానమున్నప్పుడు, మెడను దిండు మీది నుంచి లేపమని, ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కించమని అడుగుతాడు. ఊపిరి కండరములు బలహీనపడుటను ముందుగా పసిగట్టే చౌక పరీక్ష అది.

మూడవది, "జబ్బు ఎక్కడ ఉన్నది" అన్నదానిని "ఏ జబ్బు" అన్నదాని కన్న ముందు చెప్పుట. మెదడులోనా, వెన్నుపాములోనా, నరములోనా, కండరములోనా అని తేల్చిన తరువాతనే స్కాను రాస్తాడు. ఎక్కడ వెతకాలో తెలియకుండా తీసిన స్కాను మన హవల్దారు కథలోవలె దారి తప్పిస్తుంది.

నాలుగవది, పరీక్షల హద్దును చెప్పుట. మూర్ఛ ఉన్నవారిలో కూడా ఒక్కసారి తీసిన ఈఈజీ సగముమందిలో మామూలుగానే ఉండవచ్చును. "ఈఈజీ బాగుంది, నీకు ఫిట్సు లేవు" అని ఆ ఒక్కదాని మీదనే తేల్చినవారిని ఇంకొక ప్రశ్న అడగండి.

అయిదవది, తన అభిప్రాయము ఎప్పుడు మార్చుకుంటాడో చెప్పుట. "ఈ మందుతో ఇన్ని వారములలో గుణము రాకపోతే మళ్లీ మొదటి నుంచి ఆలోచిస్తాను" అనే వైద్యుని నమ్మవచ్చును.

ఆరవది, స్పష్టముగా రాసి ఇచ్చుట. భారత వైద్య మండలి 2002లో చేసిన నియమముల ప్రకారము, రోగి గాని ఆయన అధికారమిచ్చిన బంధువు గాని అడిగితే వైద్య పత్రములను 72 గంటలలో ఇవ్వాలి. ఆ పత్రములు తీసుకొని, పాత ఎమ్మారై ఫిలిములతో సహా ఒక సంచిలో భద్రపరచుకోండి.

కొలబద్దలు కానివి కూడా చెప్పాలి. మెత్తగా మాట్లాడుట మంచి గుణమే, కాని అది నైపుణ్యమునకు గుర్తు కాదు. గది ముందు జనము కిక్కిరిసి ఉండుట కూడా కాదు. ఆసుపత్రిలోని యంత్రముల ధర కాదు. రాసిన మందుల సంఖ్య అసలే కాదు.

అంచనా వేయరాని సమయము

ఒక్క హెచ్చరిక. ఉన్నట్లుండి మూతి వంకర పోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా ఈ వ్యాసములోని మాటలన్నీ పక్కన పెట్టండి. రక్తనాళము మూసుకుపోయి వచ్చిన పక్షవాతములో గడ్డను కరిగించే మందును సాధారణముగా నాలుగున్నర గంటలలోపు ఇవ్వాలి. ఆలస్యమయిన కొద్దీ మెదడు నశిస్తుంది. నందికొండ నుంచి హైదరాబాదుకు సుమారు 150 కిలోమీటర్లు. ఆ ప్రయాణములోనే సగము కాలము పోతుంది. సైనికాసుపత్రియా, ప్రైవేటు ఆసుపత్రియా, ఏ వైద్యుడు గొప్పవాడు అని ఆలోచించుటకు అది సమయము కాదు. 108కి ఫోను చేసి, సీటీ స్కాను, గడ్డ కరిగించే మందు ఉన్న దగ్గరి ఆసుపత్రికి పోవాలి. లక్షణములు ఎన్ని గంటలకు మొదలైనవో కాగితము మీద రాసుకొని పోవాలి. ఆ ఒక్క అంకె వైద్యునికి మీరు ఇవ్వగలిగిన గొప్ప సాయము.

తొందర లేని జబ్బులలో రెండవ అభిప్రాయము తీసుకొనుట మీ హక్కు. మొదటి వైద్యునికి చెప్పి తీసుకొనుట మర్యాద. నైపుణ్యము గల వైద్యుడు దానికి నొచ్చుకొనడు. పైగా పత్రములు తానే సిద్ధము చేసి ఇస్తాడు. శస్త్రచికిత్స కోసము భూమి అమ్మవలసి వచ్చినప్పుడు మాత్రము రెండవ అభిప్రాయము లేకుండా సంతకము పెట్టవద్దని నా మనవి.

మన జిల్లావారికి ప్రత్యేకముగా ఒక మాట. మీరు సైన్యములో ఎక్కడ పనిచేసినా, ఇప్పుడు ఏ నగరములో ఉన్నా, నాడీవైద్యుని వద్దకు వెళ్లినప్పుడు మీ ఊరి పేరు, చిన్ననాట తాగిన బావినీరు, బోరునీరు సంగతి ఆయన అడగకపోయినా మీరే చెప్పండి. ఈనాడు ఇంటికి కృష్ణా నీరు వస్తున్నంత మాత్రమున, ఇరవై ముప్పై సంవత్సరములు ఎముకలలో చేరిన ఫ్లోరైడు వెంటనే పోదు. ఆ మాట విన్న వెంటనే కలము ఆపి, తల ఎత్తి, "మెడ తిప్పి చూపండి" అన్న వైద్యుడు ఏ ఆసుపత్రిలో కూర్చున్నా, భుజము మీద ఎన్ని నక్షత్రములు ఉన్నా, మీరు సరియైన చోటికే వచ్చారు.